మోరల్ మెషీన్: బ్రేకులు ఎవరు చూశారని అడగని ఆట

ముందు ఇదేమిటో చెప్తాను. మోరల్ మెషీన్ అనేది బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకునే బొమ్మల ప్రశ్నావళి. 2016లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధకులు పెట్టారు. లాగిన్ అక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు. తెరవగానే డ్రైవర్ లేకుండా నడిచే కారు ఒకటి వస్తుంది. దాని బ్రేకులు ఫెయిలవుతాయి. పక్కపక్కన రెండు బొమ్మలు. కారు ఉన్నదారిన పోతే కొందరు పోతారు, పక్కకి తిరిగితే ఇంకొందరు పోతారు. పోయేవాళ్ళ నెత్తిన పుర్రె గుర్తు ఉంటుంది. ఏ బొమ్మ జరగాలో మనం నొక్కాలి. అలా 13 సార్లు నొక్కాక ఫలితాల పేజీ వస్తుంది.

నేను కర్మాగారాల్లో సేఫ్టీ పని చేస్తాను. ప్రమాదం జరిగాక అందరి స్టేట్‌మెంట్లు తీసుకుని, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరు ఏం చేసి ఉండాల్సింది అని రిపోర్టు రాయడం నా ఉద్యోగంలో సగం. మిగతా సగం కొత్తగా చేరినవాళ్ళకి, సూపర్‌వైజర్లకి ట్రైనింగ్ ఇవ్వడం. ఆ క్లాసుల్లో దీన్ని చాలాకాలంగా వాడుతున్నాను. కార్ల టెక్నాలజీ గురించి నాకు పెద్దగా పట్టింపు లేదు. ఎదుటివాళ్ళు చేసిన పనిని మనుషులు ఎలా తూకం వేస్తారు, అందులో తమ వంతు ఎంతవరకు ఒప్పుకుంటారు అన్నది చూపించడానికి ఇది పనికొస్తుందా లేదా అన్నదే ఇక్కడ నేను చూసింది.

సగం పనికొస్తుంది. ఆ సగం మాత్రం గట్టిది.

వాడటం చాలా తేలిక. బొమ్మలు చిన్నవే అయినా స్పష్టంగా ఉంటాయి. అర్థం కాకపోతే ప్రతిదాని కింద వివరణ తెరిచే బటన్ ఉంది. అందులో చచ్చిపోయేది ఎవరెవరో వరసగా రాసి ఉంటుంది. ఇద్దరు ముసలివాళ్ళు, ఒక డాక్టరు, గర్భిణి ఒకరు, ఒక కుక్క, ఇలా. అది చదవకుండా నొక్కేసేవాళ్ళే ఎక్కువ. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది గానీ పాదచారులకి సిగ్నల్ ఎరుపో పచ్చో చిన్న తెర మీద కళ్ళకి ఆనదు. ప్రొజెక్టర్ మీదే వెయ్యండి. భాషల దగ్గర నిరాశ. మొత్తం పది భాషల్లో చేశారు, తెలుగు లేదు. హిందీ కూడా లేదు. బొమ్మలే కాబట్టి నెట్టుకురావచ్చు, కానీ వివరణలు మాత్రం ఎవరో ఒకరు పైకి చదివి చెప్పాలి.

క్లాసులో నేను చేతులెత్తించి, ఎటు ఎక్కువమంది ఉంటే అటు నొక్కుతాను. మొదటి బొమ్మకి గదంతా ఇబ్బందిగా కదులుతుంది. “ఇదేం ప్రశ్న సార్” అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నాలుగైదు దాటేసరికి వేగం వచ్చేస్తుంది. సగం దాటాక పుర్రెల వైపు ఎవరూ చూడరు. అందరి కళ్ళూ ఒక్కదాన్నే వెతుకుతుంటాయి: ఇక్కడ తప్పు ఎవరిది? రెడ్ సిగ్నల్‌లో రోడ్డు దాటుతున్నవాళ్ళు కనిపించారా, ఇక పని అయిపోయినట్టే. “రూల్ తప్పారు, వాళ్ళ ఖర్మ” అనేసి ఊపిరి పీల్చుకుంటారు. గదిలో టెన్షన్ ఇట్టే దిగిపోతుంది. తర్వాతి బొమ్మలో అదే రెడ్ సిగ్నల్‌లో ఒక చిన్నపిల్ల దాటుతుంటే, అదే మనుషులు “పాపం, చిన్నపిల్లకేం తెలుస్తుంది” అంటారు. రూల్ అంటే వాళ్ళకి గౌరవం లేదని కాదు. ముందు మనసు ఒక నిర్ణయానికి వచ్చేస్తోంది, దానికి సరిపోయే కారణం ఆ తర్వాత దొరుకుతోంది. నా ప్రమాద విచారణల్లోనూ వరస ఇదే. స్టేట్‌మెంట్లు పూర్తి కాకముందే దోషి ఎవరో షాప్‌ఫ్లోర్ (మిషన్లు నడిచే చోటు) మొత్తానికి తెలిసిపోయి ఉంటుంది.

ఒక బ్యాచ్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆపరేటర్ ఒకాయన ఎటూ చెయ్యెత్తలేదు. ఏమైందండీ అని అడిగితే, “ఈ బండికి బ్రేకులు ఎవరు చూశారు సార్?” అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. “మేము షిఫ్ట్ ఎక్కేముందు బ్రేకు చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెడతాం కదా. దీని లాగ్‌బుక్‌లో సంతకం ఎవరిది? అది చెప్పకుండా ముసలాయన పోవాలా, పిల్లాడు పోవాలా అని నన్ను అడుగుతారేంటి?”

ఆ ప్రశ్నకి ఈ సైట్‌లో జవాబు లేదు. అసలు ఆ ప్రశ్నకి చోటే లేదు. బండిని తయారుచేసినవాడు లేడు, మెయింటెనెన్స్ చేసినవాడు లేడు, అంత స్పీడు పెట్టినవాడు లేడు, బ్రేకు పోతే ఆగే రెండో ఏర్పాటు ఎందుకు లేదో చెప్పేవాడు లేడు. అన్నీ జరిగిపోయాక ఆఖరి క్షణం ఒక్కటే మన చేతికిచ్చి తేల్చమంటుంది. ప్రమాదాల మీద పని చేసేవాళ్ళకి ఇది వెంటనే తగులుతుంది. ఆఖరి క్షణంలో మిషన్ దగ్గర ఉన్న మనిషి ఒక్కడే కనిపిస్తాడు. అందుకే నేను చదివిన పాత రిపోర్టుల్లో చాలావాటిలో కారణం గడిలో “ఆపరేటర్ అజాగ్రత్త” అన్న రెండు మాటలే ఉంటాయి.

అదుపు తప్పిన ట్రామ్‌ని అయిదుగురి మీదికి పోనివ్వాలా, ఒక్కరి మీదికి తిప్పాలా అనే ట్రాలీ ప్రశ్న నుంచే ఈ ఆట పుట్టింది. దానికి ఒక చరిత్ర ఉంది, అది కూడా ఇక్కడ చెప్పాలి. 1967లో ఫిలిపా ఫుట్ అనే తత్వవేత్త దీన్ని మొదట వేసినప్పుడు నిర్ణయం ట్రామ్ డ్రైవర్‌ది. బండి ఆయనది, ఉద్యోగం ఆయనది, ఏం చేసినా ఆయన చేతుల మీదుగానే. తర్వాత జూడిత్ జార్విస్ థామ్సన్ 1985 నాటి వ్యాసంలో పట్టాల పక్కన నిలబడ్డ దారిన పోయే మనిషి చేతికి మీట ఇచ్చారు. ఆయనకి బండితో సంబంధం లేదు, కానీ మీట లాగితే లాగింది ఆయనే. మోరల్ మెషీన్‌కి వచ్చేసరికి ఆ చెయ్యి కూడా పోయింది. “సెల్ఫ్ డ్రైవింగ్ కారు ఏం చెయ్యాలి” అని అడుగుతుంది. చేసేది కారు, చూసేది మనం. అంత తేలిగ్గా 13 సార్లు ఎవరు పోవాలో తేల్చగలగడానికి ఇదే కారణమని నా నమ్మకం.

ఇక మెచ్చుకోవాల్సినది. కారు దారి మార్చకుండా వదిలెయ్యడం, కావాలని తిప్పడం అనే తేడాని ఇది విడిగా లెక్కపెడుతుంది. ఫలితాల పేజీలో దానికి ప్రత్యేకంగా ఒక స్లైడర్ (మన మొగ్గు ఎటో చూపే గీత) ఉంటుంది. నా క్లాసులో ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. ఒకే ప్రాణం, ఒకే నష్టం. అయినా తిప్పి చంపితే హత్యలా అనిపిస్తుంది, తిప్పక చంపితే విధిలా అనిపిస్తుంది. చేసిన పని కన్నా చెయ్యని పనిని మనుషులు తేలిగ్గా తీసుకుంటారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో చెప్తున్నారు. ఇలానా రిటోవ్, జొనథన్ బారన్ 1990లో టీకాల ఉదాహరణతో చూపించారు. టీకా వేయిస్తే బిడ్డకి వచ్చే ముప్పు, వేయించకపోతే వచ్చే ముప్పు కన్నా తక్కువని చెప్పినా, వేయించడానికి వెనకాడినవాళ్ళు చాలామంది. తమ చేత్తో జరిగినట్టు ఉంటుందని భయం.

షాప్‌ఫ్లోర్ మీద ఇది రోజూ చూస్తాం. మిషన్ మీది గార్డు (చెయ్యి పడకుండా పెట్టే మూత) విప్పినవాడు దోషి. విప్పి ఉందని చూసి కూడా మిషన్ ఆపని సూపర్‌వైజర్, స్పేర్ బోల్టులు తెప్పించని స్టోర్స్, ఆరోజు టార్గెట్ తగ్గించని మేనేజర్, వీళ్ళెవరూ ఏమీ చెయ్యలేదు. అక్షరాలా ఏమీ చెయ్యలేదు! అదే వాళ్ళ వాదన, అదే వాళ్ళ మీద అభియోగం కూడా. ఈ ముక్క అర్థమయ్యేలా చెప్పడానికి నేనెన్ని స్లైడ్లు వేసినా రాని ఫలితం ఈ స్లైడర్ ఒక్కదాంతో వస్తుంది. మీరు దారి మార్చకుండా వదిలేసిన బొమ్మల్లో పోయినవాళ్ళని లెక్కపెట్టండి అంటాను. లెక్కపెట్టాక ఎవరూ వెంటనే మాట్లాడరు.

ఫలితాల పేజీలో మిగతా భాగం మీద నాకు అంత సదభిప్రాయం లేదు. మీరు ఎక్కువగా కాపాడినది ఎవరిని, ఎక్కువగా చంపినది ఎవరిని అని బొమ్మలు చూపిస్తుంది. ఆడా మగా, చిన్నా పెద్దా, లావు సన్నం, సంఘంలో హోదా, ఇలా వరసగా స్లైడర్లు. పక్కనే మిగతావాళ్ళ సగటు. 13 ప్రశ్నలకే ఇన్ని విషయాలు తేల్చేస్తుంది. ఒక సూపర్‌వైజర్ అమ్మాయికి, ఒళ్ళున్నవాళ్ళ ప్రాణాలకి ఆమె తక్కువ విలువ ఇస్తోందన్నట్టుగా స్లైడర్ ఒక కొసకి వెళ్ళింది. “నేను సిగ్నల్ చూసి నొక్కాను సార్, ఎవరు లావో నేను చూడనేలేదు” అని ఆమెకి నిజంగానే కోపం వచ్చింది. ఆమె కోపం న్యాయమైనదే. నొక్కినది ఏమిటో సైట్‌కి తెలుసు, ఎందుకు నొక్కిందో తెలియదు, అడగదు. “కారణం అడక్కుండా మీ గురించి రాసేస్తే ఎలా ఉంది?” అన్నాను. కింద పనిచేసేవాళ్ళ స్టేట్‌మెంట్ సగంలో ఆపి రిపోర్టు రాసే అలవాటు ఆ బ్యాచ్‌లో కొందరికి ఉంది. వాళ్ళ మొహాలు చూడాల్సింది. అంటే ఫలితాల పేజీ లోపమే నాకు పాఠంగా పనికొచ్చింది, ఆ ఘనత మాత్రం సైట్‌కి ఇవ్వలేను.

పెద్ద ఎత్తున చూస్తే ఆ సమాధానాలకి విలువ ఉంది. 2018 అక్టోబరులో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రకారం 233 దేశాలు, ప్రాంతాల నుంచి సుమారు 4 కోట్ల నిర్ణయాలు పోగయ్యాయి. జంతువుల కన్నా మనుషులని, కొద్దిమంది కన్నా ఎక్కువమందిని, పెద్దవాళ్ళ కన్నా పిల్లలని కాపాడాలన్న మొగ్గు అన్నిటికన్నా బలంగా కనిపించింది. తూర్పు దేశాల్లో పిల్లల వైపు మొగ్గు మిగతాచోట్ల కన్నా తక్కువ. ఆర్థిక అసమానతలు ఎక్కువున్న దేశాల్లో ఎగ్జిక్యూటివ్‌కీ, ఇల్లు లేని మనిషికీ మధ్య చూపిన తేడా కూడా ఎక్కువ. నన్ను ఆపేసిన వివరం ఇంకోటి ఉంది. నేరస్థుడి బొమ్మని జనం కుక్క కన్నా తక్కువగా కాపాడారు, పిల్లి ఒక్కటే ఆయన కన్నా కింద ఉంది. ఆయన ఏం నేరం చేశాడో బొమ్మలో లేదు. శిక్ష పూర్తయిందో లేదో లేదు. ఆ రోడ్డు మీద ఆ నిమిషంలో ఆయన తప్పేమీ లేదు. మనిషి మీద పడిన ముద్ర అక్కడ జరిగిన పని కన్నా పెద్దదైపోయింది. మా దగ్గర ఒకసారి మెమో అందుకున్న ఆపరేటర్ పేరు తర్వాత ఏం జరిగినా మొదట ఎందుకు వినిపిస్తుందో ఈ లెక్క చూశాక ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

ఇది లోకం మొత్తం అభిప్రాయం అనుకోకండి. సమాధానాలిచ్చినవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ చదువున్న, ఇరవై ముప్పైల్లో ఉన్న మగవాళ్ళని పరిశోధకులే ఒప్పుకున్నారు. జర్మనీ ప్రభుత్వం వేసిన నీతి సంఘం 2017లోనే, తప్పించలేని ప్రమాదంలో వయసు, ఆడా మగా, శరీర స్థితి లాంటివి చూసి తేడా చూపడం నిషేధమని తేల్చింది. ఈ ఆటలో సగం ప్రశ్నలు ఆ ఒక్క మాటతో ఎగిరిపోతాయి.

దీనిలో బొత్తిగా లేని ఇంకో సంగతి, ఉద్దేశం. అందుకే క్లాసులో ఇది అయ్యాక ప్రొజెక్టర్ ఆపేసి, జాషువా నోబ్ అనే తత్వవేత్త 2003లో చేసిన చిన్న ప్రయోగం చెప్తాను. ఒక కంపెనీ ఛైర్మన్ దగ్గరికి మనిషి వచ్చి, ఈ కొత్త పథకంతో లాభం వస్తుంది, కానీ పర్యావరణం పాడవుతుంది అంటాడు. పర్యావరణం ఏమైనా నాకనవసరం, లాభం కావాలి, మొదలుపెట్టండి అంటాడు ఛైర్మన్. ఆయన కావాలనే పాడుచేశాడా? 82 శాతం అవునన్నారు. ఇంకో గుంపుకి అదే కథలో పాడవుతుంది అన్నచోట బాగుపడుతుంది అని మార్చి చెప్పారు. ఛైర్మన్ మాట అదే. ఆయన కావాలనే బాగుచేశాడా? 77 శాతం కాదన్నారు. చెడు జరిగితే కావాలని చేసినట్టు, మంచి జరిగితే దానంతట అదే జరిగినట్టు. మా సూపర్‌వైజర్లు ముందు నవ్వుతారు, తర్వాత ప్రొడక్షన్ బోనస్ రోజున ఎవరి పేర్లు చదువుతారు, యాక్సిడెంట్ రోజున ఎవరి పేర్లు చదువుతారు అని వాళ్ళలో వాళ్ళే మొదలుపెడతారు. నేను పక్కకి తప్పుకుంటాను.

నిజంగా డ్రైవర్ లేని కారు మనిషిని చంపినప్పుడు ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే ఈ ఆట ఎంత దూరంగా ఉందో తెలుస్తుంది. 2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపేలో ఊబర్ ప్రయోగాత్మక కారు, సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళని ఢీకొట్టింది. ఆమె చనిపోయింది. ముసలివాళ్ళా పిల్లలా అని కారు ఏమీ ఆలోచించలేదు. ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే ఆమెని గుర్తించింది, కానీ వాహనమా, సైకిలా, ఇంకేదైనానా అని మార్చుకుంటూ పోయింది. పాదచారి అని ఒక్కసారి కూడా అనుకోలేదు. క్రాసింగ్ లేనిచోట మనుషులు రోడ్డు దాటతారన్న ఊహే ఆ సిస్టమ్‌లో పెట్టలేదు. కారు తయారుచేసినవాళ్ళు ఇచ్చిన అత్యవసర బ్రేకింగ్ ఏర్పాటు, కంప్యూటర్ నడుపుతున్నప్పుడు ఆపేసి ఉంది. కారుని కనిపెట్టుకుంటూ లోపల కూర్చోవాల్సిన ఇద్దరు ఆపరేటర్లలో ఒకరిని అంతకుముందే తగ్గించారు. మిగిలిన ఆపరేటర్ ఫోన్ చూస్తోంది. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2019 నవంబరులో ఆపరేటర్ నిర్లక్ష్యాన్ని ముఖ్య కారణంగా చెప్పి, కంపెనీ భద్రతా పద్ధతుల లోపం, ఆపరేటర్ల మీద పర్యవేక్షణ లేకపోవడం, రాష్ట్ర ప్రభుత్వ అజమాయిషీ చాలకపోవడం, ఆమె క్రాసింగ్ కానిచోట దాటడం, అన్నీ తోడైన కారణాలుగా రాసింది. అది రిపోర్టు అంటే. ఎవరినీ వదల్లేదు, అలాగని అందరికీ సమానంగా పంచి చేతులు దులుపుకోనూ లేదు.

కేసు మాత్రం ఒక్కరి మీదే నిలిచింది. కంపెనీ మీద క్రిమినల్ బాధ్యత మోపడానికి ఆధారం లేదని ప్రాసిక్యూటర్ 2019లో చెప్పారు. ఆపరేటర్ 2023లో నేరం ఒప్పుకున్నారు, మూడేళ్ళ ప్రొబేషన్ పడింది. యంత్రం చేసిన తప్పు తాకిడి మొత్తం, దాని మీద పెద్దగా అదుపు లేని దగ్గరి మనిషి మీద పడటం గురించి మాడలిన్ క్లేర్ ఎలిష్ అనే పరిశోధకురాలు రాశారు. ఢీకొన్నప్పుడు ముందుగా నలిగి లోపలివాళ్ళని కాపాడే కారు ముందు భాగంతో పోల్చారామె. ఇక్కడ నలిగేది మనిషి, కాపాడబడేది యంత్రం పేరు. ఫోన్ చూడటం తప్పు కాదని నేననను. అది తప్పే. దాంతో మిగతా పేర్లు కొట్టేస్తేనే నాకు అభ్యంతరం.

నొక్కినదానికీ నిజంగా చేసేదానికీ ఎంత సంబంధం అన్నది ఇంకో అనుమానం. 2018లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ముందు నిజం ఎలుకలు పెట్టారు. ఏమీ చెయ్యకపోతే అయిదు ఎలుకలకి షాక్, బటన్ నొక్కితే వేరే బోనులోని ఒక్కదానికి. (నిజానికి దేనికీ షాక్ కొట్టలేదు.) కాగితం మీద అడిగినవాళ్ళలో 66 శాతం నొక్కుతామన్నారు. ఎలుకల ముందు నిలబడ్డవాళ్ళలో 84 శాతం నొక్కారు. మోరల్ మెషీన్ జట్టులోనివాళ్ళే 2016లో రాసిన ఇంకో వ్యాసంలో, ఎక్కువమందిని కాపాడటానికి లోపలివాళ్ళని బలిచ్చే కారు మంచిదని జనం ఒప్పుకున్నారు గానీ, తాము కొనుక్కోవాల్సి వస్తే తమని కాపాడే కారే కావాలన్నారు. ఇది చెప్పినప్పుడు క్లాసులో ఎవరూ ఆశ్చర్యపోరు. నాకదే ఆశ్చర్యం.

సొంతంగా బొమ్మలు తయారుచేసుకునే డిజైన్ విభాగం కూడా ఉంది. మనుషులని, జంతువులని, సిగ్నళ్ళని మన ఇష్టం వచ్చినట్టు పేర్చుకోవచ్చు. అయితే వాళ్ళిచ్చిన బొమ్మల్లోంచే ఏరుకోవాలి. మెకానిక్ లేడు, ఇన్‌స్పెక్టర్ లేడు. మా వాళ్ళకి కాసేపు సరదా, అంతే.

అయిదుకి మూడు ఇస్తాను. పైన పోయిన రెండూ కారణం అడగనందుకూ, నొక్కినవాడిని దేనికీ జవాబుదారీ చెయ్యనందుకూ. సేఫ్టీ, క్వాలిటీ ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు, హాస్పిటల్ స్టాఫ్‌తో తప్పిదాల మీద మాట్లాడేవాళ్ళు, హైస్కూల్ పైబడిన పిల్లలకి చెప్పే టీచర్లు వాడొచ్చు. ఒక్కళ్ళే కూర్చుని ఆడితే పావుగంట కాలక్షేపం తప్ప ఏమీ మిగలదు. పదిమంది ఉండాలి, ప్రతి బొమ్మకీ “ఎందుకు” అని అడిగే మనిషి ఒకరుండాలి. పదమూడూ పూర్తి చెయ్యాలన్న పట్టుదల పెట్టుకోకండి, అయిదు చాలు.

వాడేముందు ఒక్కటి కనుక్కోండి. ఈమధ్య ప్రమాదంలో అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు గదిలో ఉంటే దీన్ని వెయ్యకండి. పుర్రె గుర్తులు వాళ్ళకి బొమ్మలుగా కనిపించవు. అలాంటి బ్యాచ్ వచ్చినప్పుడు నేను ఛైర్మన్ కథ ఒక్కటే చెప్తాను, గంటసేపటి చర్చకి అది సరిపోతుంది.